కోలారు గనిలో ప్రొద్దుటూరు బంగారం

కె.జి.ఎఫ్. వెళ్ళి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా అనంతపురంలో ప్రతివాళ్ళూ ఒకటే అడుగుతున్నారు: "ఏమన్నా తెచ్చుకున్నావా?" తేలేదు. పైగా నా దగ్గరున్న బంగారాన్ని అక్కడే వదిలేసి వచ్చాను. బంగారు గనికి వెళ్ళి బంగారం పోగొట్టుకుని వచ్చిన మనిషి ఎలా ఉంటాడో చూద్దామని మా కాలేజీ గుమస్తాలు స్టాఫ్ రూముకు వచ్చి తొంగి చూసి పోతున్నారు. అందుకే ఈ ప్రయాణం గురించి రాస్తున్నాను. ఇక మనిషి మనిషికీ విడివిడిగా చెప్పే ఓపిక నాకు లేదు.

ముందు, నేను వెళ్ళిన పని. నేను ఫిజిక్స్ లెక్చరర్ని. యురేనియం పరమాణువుకు న్యూట్రాన్ తగిలితే అది రెండు ముక్కలవుతుందని మా ఇంటర్ పిల్లలకు కూడా తెలుసు. దానికంటే తేలికైన సీసం, బిస్మత్, బంగారం లాంటివి అంత సులువుగా పగలవు. మహావేగంతో దూసుకొచ్చిన న్యూట్రాన్ తగలాలి, అప్పుడు కూడా ఎప్పుడో ఒకసారి పగులుతాయి. ఆ వేగమున్న న్యూట్రాన్లు ఆకాశం నుంచి పడే కిరణాల వల్ల కొన్ని మన నెత్తిన పడుతూనే ఉంటాయి. వాటి దెబ్బకు ఈ లోహాలు పగులుతాయా అన్నది నా పరిశోధన. పలచటి లోహపు రేకును రెండు అభ్రకం పలకల మధ్య బిగించి పొట్లం కడతాం. పరమాణువు పగిలితే ఆ ముక్కలు అభ్రకంలో గీత గీసి పోతాయి. తర్వాత ఆమ్లంలో కడిగి మైక్రోస్కోపు కింద పెడితే ఆ గీత కనబడుతుంది.

కొన్ని పొట్లాలు హార్సిలీ కొండ మీద పెట్టాను. అక్కడ గీతలు పడ్డాయి. కానీ అవి ఆకాశం వల్లే పడ్డాయని నమ్మించాలంటే, ఆకాశం నుంచి ఆ న్యూట్రాన్లు చేరలేని చోట కూడా అలాంటివే కొన్ని పెట్టాలి. వాటిలో ఏమీ ఉండకూడదు. అందుకు కోలారు గని కంటే మంచి చోటు ఈ దేశంలో లేదు. పొట్లాలు నాలుగు: సీసానిది ఒకటి, బిస్మత్‌ది ఒకటి, బంగారానివి రెండు. బంగారు రేకులు ప్రొద్దుటూరులో కొట్టించాను. నాలుగింటినీ ఒక పెట్టెలో సర్ది, అనుమతులన్నీ తెచ్చుకుని పోయిన ఏడాది గనిలో పెట్టించాను. ఇప్పుడు ఆ పెట్టె ఉన్న లెవెల్లో, అంటే ఆ లోతులోని సొరంగాల అంతస్తులో, ఖనిజం అయిపోయిందని, దాన్ని వదిలేస్తున్నారని, పంపులు ఆపితే నీళ్ళు నిండిపోతాయని కబురు వచ్చింది. పెట్టె తెచ్చుకోవడానికి బయలుదేరాను.

ముళబాగిలు

మదనపల్లె మీదుగా బస్సులో వెళ్ళాను. ముళబాగిల్లో దిగి దోసె తినకుండా ముందుకు పోతే ఆ ఊరివాళ్ళు క్షమించరని విన్నాను. మా అనంతపురం దోసె పలకలా వెడల్పుగా ఉంటుంది. ఇక్కడిది చిన్నది, అంచు కరకర, నడుమ దూదిలా మెత్తన. పైన నెయ్యి ఎంత పోశారో, చేతులు కడుక్కున్నాక కూడా బస్సు కడ్డీ పట్టు దొరకలేదు. మా ఊళ్ళో ఆ నెయ్యికే వేరే డబ్బులడుగుతారు.

కె.జి.ఎఫ్. బస్సులో బైరకూరు రైతు ఒకాయన టమోటా బుట్టను నా ఒళ్ళో సగం ఆనించి కూర్చున్నాడు.

"యాడికి పోతా ఉండావప్పా?"

"కె.జి.ఎఫ్.కి. గనిలో బంగారం పెట్టి ఉంచాను. తెచ్చుకోవడానికి."

ఆయన పూర్తిగా నా వైపు తిరిగాడు. "గనిలో అందరూ బంగారం తీస్తారు. నువ్వు పెట్టినావా?"

"పరీక్ష కోసం. బంగారం పగులుతుందేమో చూడ్డానికి."

"పగిలితే ఏమవుతాది?"

"రెండు ముక్కలవుతుంది. రెండూ బంగారం కావు."

ఆయన బుట్టను మెల్లగా నా ఒళ్ళోంచి తీసుకుని తన ఒళ్ళో పెట్టుకున్నాడు. రాబర్ట్‌సన్‌పేటలో, అంటే కె.జి.ఎఫ్. బజారులో, దిగేవరకూ దాన్ని రెండు చేతులతో పట్టుకునే ఉన్నాడు.

లైను ఇంట్లో

పోయినసారి పెట్టె కింద పెట్టినప్పుడు నాకు దారి చూపించినవాడు చెంగప్ప. గనిలో పైకప్పు కూలకుండా ఆసరా కొయ్యలు నిలబెట్టే పని అతనిది. తాత పలమనేరు పక్క పల్లె నుంచి గనికి వచ్చాడట. ఈసారి కూడా అతని ఇంట్లోనే దిగాను. వరసగా కట్టిన గని ఇళ్ళు, ఒక్కొక్కటీ ఒకటిన్నర గది. ఇంటి వెనకే బూడిదరంగు దిబ్బ కొండలా లేచి ఉంటుంది. అది రాతిని పొడిచేసి, బంగారం తీసుకుని, పారబోసిన పిండి. గాలి వీస్తే వీధంతా ఆ పిండే. చెంగప్ప భార్య మునెమ్మ ఆరేసిన బట్టలు తీస్తూ, ఒక్కొక్కటి దులిపినప్పుడల్లా దిబ్బను ఒక్కొక్క తిట్టు తిడుతోంది.

మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నాం. మేము సంగటి అనేదాన్ని వాళ్ళు ముద్ద అంటారు. దాంతో అలసందలు ఉడికించి వంచిన నీళ్ళతో చేసిన బస్సారు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, నేల దబ్బున అదిరింది. అలమరలో స్టీలు గిన్నెలు ఒకేసారి గలగలమన్నాయి. నేను లేచి వాకిట్లోకి పరుగెత్తాను. వెనక్కి తిరిగి చూస్తే మొగుడూ పెళ్ళాం కదలకుండా కూర్చునే ఉన్నారు. మునెమ్మ ఒక చేత్తో సారు గిన్నె పట్టుకుని, రెండో చేత్తో తింటోంది.

"కూచో అన్నా, ఆరిపోతాది," అంది. "లోపల రాయి పగిలింది, అంతే. దినామూ ఉండేదే."

చెంగప్ప మాత్రం చెవి పెట్టి వింటున్నాడు. ప్రమాదమైతే మోగే సైరన్ మోగలేదు. అప్పుడు కలుపుకున్నాడు.

"మాకు రాయి పగిలితే భయం," అన్నాడు. "మీకు బంగారం పగలకపోతే దిగులు. అంతేనా సార్?"

"ఇక్కడిది పగలకూడదు. కొండ మీదది పగలాలి."

మునెమ్మ చెయ్యి ఆపింది. "అంటే యీడ ఏమీ లేదని చూసుకునేదానికి ఇంత దూరం వచ్చినావా?"

"అవును."

"ఒక కార్డు ముక్క రాసుంటే మేమే చెప్పుంటిమి కదన్నా, యీడ ఏమీ లేదని."

సెక్యూరిటీ ఆఫీసు

గని సెక్యూరిటీ ఆఫీసరు నంజుండప్పది భారీ శరీరం, దానికి తగిన మీసం. నా అనుమతి పత్రాలు చదివి, మడిచి, తిరిగి ఇచ్చేశాడు.

"పెట్టె మీదే. సీసం తీసుకుపోండి. ఇంకొకటి ఏమదీ... బిస్మత్, అది కూడా తీసుకుపోండి. బంగారం మాత్రం గేటు దాటదు."

"అది నాది. నేనే లోపలికి తెచ్చాను."

"బంగారం లోపలికి యారు తెస్తారు స్వామీ? పోయేటప్పుడు సోదా చేసేదానికి మనుషులుండారు. వచ్చేటప్పుడు చూసేదానికి ఎవరూ లేరు. ఎందుకు? ఇంతవరకూ ఒక్కడూ తేలేదు కాబట్టి." ఆయన వెనక్కి వాలాడు. "బయటికి పోయే బంగారం మా బంగారం. రూలు అది."

ఇంచుమించు గంటసేపు వాదించాను. చివరికి నాకే ఒక మార్గం తోచింది. గీతలు పడేది అభ్రకం మీద కదా, రేకు మీద కాదు. రేకును లోపలే వదిలేసి, అభ్రకం పలకలు మాత్రం తెచ్చుకుంటానన్నాను. నంజుండప్ప మీసం దువ్వుకున్నాడు.

"అంటే బంగారం వద్దు, దాన్ని చుట్టిన కాగితం చాలు అంటారు."

"కాగితం కాదు, అభ్రకం. అవును."

"ఇన్నేళ్ళ సర్వీసులో అట్లాంటి మనిషిని చూడలేదు," అని లేచాడు. "నా కళ్ళ ముందర తియ్యండి. నేనూ వస్తాను."

ఆయన కిందికి దిగి చాలా ఏళ్ళయిందని ఆయన హెల్మెట్ చూస్తే తెలిసింది. అది తల మీద కూర్చోలేదు, బొడిపెలా నిలబడింది.

కింద

కేజి అని పిలిచే ఇనుప బోనులో మనుషుల్ని నిలువునా పేర్చి దించుతారు. కడుపు పైనే ఉండిపోయి మనిషి మాత్రం కిందికి పోయినట్టుంటుంది. ముగ్గురం ఒకరినొకరు ఆనుకుని దిగాం. దిగేకొద్దీ వేడి పెరిగింది. ఆ లెవెల్లో అడుగుపెట్టేసరికి చొక్కాలు ఒంటికి అంటుకుపోయాయి. నంజుండప్ప మాట్లాడడం మానేసి ఊపిరి తీసుకోవడం మీదే మనసు పెట్టాడు.

చెంగప్ప ముందు నడుస్తూ కొయ్యల్ని తట్టుకుంటూ పోయాడు. ఒక కొయ్య దగ్గర ఆగి, "ఇది నేను నిలబెట్టింది," అన్నాడు. ఆ మాట రెండు మూడు చోట్ల అన్నాడు. పట్టాలు అప్పటికే పీకేశారు. ఎక్కడో పంపు గురగురమంటోంది.

పెట్టె పెట్టిన చోటే ఉంది. లాంతరు కింద విప్పాం. సీసం, బిస్మత్ పొట్లాలు అలాగే నా సంచిలో వేసుకున్నాను. బంగారు పొట్లం మొదటిది విప్పుతూ, "ఎవరూ గట్టిగా ఊపిరి వదలకండి," అన్నాను. ఆ రేకు ఎంత పలచన అంటే, వేలితో తాకితే వేలికే పూత పడుతుంది.

అభ్రకం పలక మెల్లగా లేపాను. సరిగ్గా అప్పుడే నంజుండప్పకు తుమ్ము వచ్చింది.

పలకలు రెండూ నా చేతుల్లోంచి జారాయి. రేకు లేచింది. వెనక లోపలికి గాలి ఊదే గొట్టం దాన్ని అందుకుంది. ఒక్క క్షణం అది ముక్కలు ముక్కలై మా దీపాల వెలుగులో తిరిగింది. ఆ చీకట్లో అంత పసుప్పచ్చటి వెలుగు ఎక్కడి నుంచి వచ్చిందా అనిపించింది.

"పట్టుకో! పట్టుకో!" అని ఆఫీసరు అరుస్తూ రెండు చేతులతో గాలిలో చప్పట్లు కొట్టాడు. నేను పలకల కోసం వంగాను. అంతలో ఆయన బూటు వాటి మీద పడింది. అభ్రకం పొడిపొడి అయిన చప్పుడు స్పష్టంగా వినబడింది.

చెంగప్ప ఏమీ పట్టుకోలేదు. తల పైకెత్తి నిలబడిపోయాడు. ముక్కలు తేలుతూ తేలుతూ సొరంగం లోపలికి పోయి, తడి గోడలకు అంటుకుని ఆరిపోయినట్టు మాయమయ్యాయి. ఆఖరిది కూడా పోయాక అతను తల దించాడు.

"మా తాత యీడే పని చేసినాడు, మా నాయనా యీడే చేసినాడు," అన్నాడు. "మాకు కనబడేది నల్లరాయి, తెల్లరాయి, అంతే సార్. బంగారమంతా మిల్లులో బయట పడుతుందంట. గనిలో బంగారాన్ని నేను చూసింది ఇదే తొలిసారి."

"అది ప్రొద్దుటూరుది," అన్నాడు నంజుండప్ప రొప్పుతూ.

"కానీలెండి."

రెండో బంగారు పొట్లం విప్పవద్దని, పైన గాలి లేని గదిలో చూద్దామని ఆఫీసరు చెప్పాడు. దాన్ని తనే చేతిలో పట్టుకున్నాడు. నాకు మిగిలిన బంగారు పొట్లం అదొక్కటే.

గేటు దగ్గర

పైకి వచ్చాక సోదా. షిఫ్టు దిగిన వాళ్ళంతా ఒక్కొక్కరే నిలబడాలి. గార్డు చెంగప్పను తిప్పి చూసి, చెవి వెనక్కి టార్చి వేసి ఆగిపోయాడు.

చెమటకు అతుక్కుని బంగారు తునక మెరుస్తోంది. మెడ మీద ఇంకొకటి.

గనిలో ఒంటి మీద బంగారం దొరికితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా. అక్కడ అది అందరికీ తెలుసు. చెంగప్ప చెయ్యి చెవి దగ్గరికి పోబోతే గార్డు పట్టుకున్నాడు.

"అది నా రేకు!" అన్నాను. "ఆఫీసరు గారు కూడా చూశారు!"

నంజుండప్ప మొహం చూశాను. ఆయనకు నిజం తెలుసు. కానీ చుట్టూ షిఫ్టు మొత్తం నిలబడి చూస్తోంది. ఆయన నిటారుగా నిలబడి, "రూలు రూలే. కూచోబెట్టండి," అన్నాడు.

చెంగప్పను బెంచీ మీద కూర్చోబెట్టారు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల వైపు చూస్తున్నాడు. ఎవరు చెప్పారో, మునెమ్మ వచ్చేసింది. గేటు అవతల నిలబడి కేకలు మొదలుపెట్టింది.

"ముప్ఫై ఏండ్లలో గోరంత మట్టి తేలేదు నా మొగుడు! తెచ్చిండేది ఆ అన్న! యీడ ఏమీ లేదని చూసేదానికి వచ్చిన అన్న! ఆయన్ని అడగండి!"

అందరూ నా వైపు తిరిగారు. నేను ఆఫీసరు వైపు చూశాను. అప్పుడే పొద్దు ఆయన మీద పడింది. ఆయన మీసం కుడి వైపు, దేవుడి విగ్రహానికి పూసినట్టు, ధగధగ మెరుస్తోంది.

చెప్పాలా వద్దా అని నేను ఆలోచించలేదు. వేలు దానంతటదే లేచింది.

"సార్, మీ మీసం."

ఆయన తడుముకున్నాడు. చేతికి పూత అంటింది. గార్డు టార్చి ఎత్తాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. పాపం, అతనికి ఆ పని నేర్పింది నంజుండప్పే.

"సార్," అన్నాడు గార్డు సన్నగా, "రూలు ప్రకారం మీరు కూడా కూచోవాలి."

వరసలో ఎవరో దగ్గారు. నవ్వు ఆపుకోవడానికి దగ్గినట్టుంది. నంజుండప్ప చుట్టూ చూశాడు. మునెమ్మ కూడా కేకలు ఆపేసింది. ఆయన మెల్లగా వెళ్ళి బెంచీ మీద చెంగప్ప పక్కన కూర్చున్నాడు. బెంచీ ఆ చివర లేచింది. చెంగప్ప మర్యాదగా కొంచెం జరిగాడు.

ఒరగల్లు

గని పరీక్షశాల కెమిస్టును పిలిపించారు. కళ్ళజోడు సర్దుకుంటూ వచ్చిన ఆ పెద్దమనిషి, బెంచీ మీద ఎవరున్నారో చూసి మళ్ళీ కళ్ళజోడు సర్దుకున్నాడు.

గనిలోంచి వచ్చే పచ్చి బంగారంలో వెండి కలిసి ఉంటుందని, ప్రొద్దుటూరులో కొట్టింది శుద్ధి చేసిన బంగారమని, ఒరగల్లు మీద గీస్తే తేడా తెలుస్తుందని ఆయన చెప్పాడు. చెవి వెనకది, మీసానిది చాలా తక్కువ. పోల్చడానికి నాది అని రుజువున్న బంగారం కాస్త ఎక్కువ కావాలి.

"ఆ పొట్లంలో ఉంది కదా," అన్నాడు.

"ఆమ్లంలో కరిగించి తీస్తారా?" అని అడిగాను. అలా అయితే అభ్రకానికి ఏమీ కాదు.

"నీళ్ళలాగా కరిగిస్తే ఒరగల్లు మీద ఏం గీసేది? ఇది రెండు పలకలకూ అతుక్కుపోయి ఉంది, బ్లేడుతో గీకాలి."

బ్లేడుతో గీకితే అభ్రకం నిండా గీతలే. ఆ తర్వాత మైక్రోస్కోపు కింద అది పనికిరాదు. హార్సిలీ కొండ మీద బంగారంలో నాకు కనబడ్డ గీతలకు సాక్ష్యం చెప్పాల్సిన పలకలు ఇక అవే. ఇంకొకటి పెడదామంటే ఆ లెవెలు మునిగిపోతోంది. నేను పొట్లం వైపు చూశాను, బెంచీ వైపు చూశాను. చెంగప్ప అప్పుడు మొదటిసారి తలెత్తాడు.

"సార్, అది పాడైతే మీ పరీక్ష పోతుందా?"

"బంగారం వరకు పోతుంది."

"అయితే ఇంగేదైనా దారి చూడండి," అన్నాడు. కొలువు పోయేది అతనికి. ఆ మాట అన్నదీ అతనే.

"గీకండి," అన్నాను కెమిస్టుతో.

బ్లేడు చప్పుడు వినలేక కిటికీ దగ్గరికి పోయి దిబ్బను చూస్తూ నిలబడ్డాను. గీకిన పొట్టును నిప్పు మీద కరిగించి, ఆవగింజంత గుండు చేసి, నల్లటి ఒరగల్లు మీద గీశాడు. దాని పక్కన చెవి తునక. దాని పక్కన మీసం. దాని పక్కన గని బంగారం. మూడు గీతలు ముదురు పసుపు, నాలుగోది కాస్త తెల్లబారిన పసుపు. నాలాంటి వాడికి కూడా తెలిసిపోయింది.

"ఇద్దరూ నిర్దోషులే," అన్నాడు కెమిస్టు.

నంజుండప్ప లేచి, ముందు మీసం కడుక్కున్నాడు. తర్వాత చెంగప్ప భుజం మీద చెయ్యి వేశాడు. "టీ తాగుదాం రా," అన్నాడు. ఆవగింజంత గుండు సంగతి అడిగాను. అది ఇప్పుడు గేటు లోపల ఉన్న బంగారం కాబట్టి బయటికి రాదన్నాడు. ఇక వాదించే శక్తి నాకు లేకపోయింది.

మునెమ్మ ఆ రోజు పాయసం చేసింది. పిండి పడిన బట్టల్ని దులపకుండానే లోపలికి తెచ్చేసింది.

మారికుప్పం ప్లాట్‌ఫారం

అనంతపురం చేరాక సీసం, బిస్మత్ పలకలు కడిగి చూశాను. ఏమీ లేదు. ఒక్క గీత లేదు. కొండ మీది సీసంలో ఉన్నవి నిజంగా ఆకాశం పనే అని ఇప్పుడు ధైర్యంగా చెప్పగలను. బంగారం గురించి మాత్రం "తెలియదు" అని రాసుకున్నాను.

నేను కె.జి.ఎఫ్. నుంచి బయలుదేరిన రోజు నన్ను రైలెక్కించడానికి చెంగప్ప మారికుప్పం స్టేషనుకు వచ్చాడు. అక్కడి నుంచి బంగారుపేటకు పోయే బండి అది, ఇంచుమించు అందరూ అతనికి తెలిసినవాళ్ళే. ఎక్కేవాళ్ళు ఒక్కొక్కరే అతని చెవి వెనక్కి చూసి నవ్వి ఎక్కుతున్నారు. అతను కూడా నవ్వుతున్నాడు. ఇక అతన్ని వేరే షాఫ్టుకు, అంటే ఇంకో గని బావికి, మారుస్తారట. అదెన్నాళ్ళు ఉంటుందో అతనికీ తెలియదు.

బండి కూత వేసింది. కిటికీ కడ్డీ పట్టుకుని అడిగాడు.

"సార్, ఆ ఎగిరిపోయిన రేకు... నీళ్ళు నిండినాక ఏమవుతాది?"

"ఏమీ కాదు. బంగారానికి నీళ్ళు ఏమీ చెయ్యవు."

"పగలదా?"

"అంత లోతుకు ఆకాశం నుంచి దాన్ని పగలగొట్టేదేదీ చేరదు. పగలదు."

బండి కదిలింది. అతను దాంతో పాటే నాలుగడుగులు నడిచాడు.

"అయితే ఆ లెవెల్లో బంగారం అయిపోయిందని ఎవరన్నా అంటే నేను ఒప్పుకోను," అన్నాడు. "ఉండాది. నేను చూసినాను. యాడ అంటుకుందో కూడా నాకు తెలుసు."